అప్‌డేట్: సోఫా కింద దూరే మా కుక్కపిల్ల

మిక్సీ తిరిగినా, ఇంటికి ఎవరొచ్చినా మా కొత్త కుక్కపిల్ల సోఫా కింద దూరిపోతోందని, టీకాలన్నీ అయ్యేదాకా బయటికి తీసుకెళ్లకూడదా అని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు చాలా నయం.

కుక్కపిల్లలు కొత్తవాటిని తేలిగ్గా ఒప్పుకునే వయసు సుమారు 3 నుంచి 14 వారాల వరకేనట. టీకాల కోర్సు పూర్తయ్యేదాకా ఆగితే ఆ సమయం కాస్తా దాటిపోతుందని డాక్టర్ అన్నారు. అలాగని పార్వో (కుక్కపిల్లల ప్రాణం తీయగల వైరస్ జబ్బు) భయం చిన్నదేం కాదు. అందుకే వేరే కుక్కలు తిరిగే నేల మీద దించకుండా ఎత్తుకుని తిప్పుతున్నాం. బండ్లు, గొడుగులు, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు, అన్నీ పైనుంచే చూస్తోంది మహారాణి.

మిక్సీ శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, అది తింటున్నప్పుడు వినీ వినపడనంత వాల్యూమ్‌లో పెట్టాం. చెవులు వెనక్కి వాల్చినా, తినడం ఆపినా వెంటనే తగ్గించేవాళ్లం. ఇప్పుడు పక్క గదిలో నిజం మిక్సీ తిరుగుతున్నా ఒకసారి తలెత్తి చూసి, మళ్లీ గిన్నెలో మూతి పెడుతోంది.

చుట్టాలతోనే కష్టం. "మీరు పట్టించుకోకండి, అదే వస్తుంది" అంటే ఒక్కరూ వినరు! ట్రైనింగ్ ముందు మనుషులకే ఇవ్వాలి. పక్కకు తిరిగి కింద కూర్చున్నవాళ్ల దగ్గరికి మాత్రం తనంతట తానే వచ్చి వాసన చూస్తోంది.

గోళ్లు కత్తిరించడం ఇంకా కుదరలేదు. ప్రస్తుతానికి పాదం పట్టుకోవడం, ఏదో ఒక ముక్క పెట్టడం, వదిలేయడం. అంతే.