ప్రార్థన పొడిబారిపోయింది, గుడికి వెళ్లే వీలు లేదు: విశ్వాసంలో ఎదగడం ఎలా?

ప్రశ్న: వశిష్ఠ ఒడ్డు నుంచి ఒక సోదరి

అందరికీ ప్రభువు నామమున వందనములు.

మాది నరసాపురానికి దిగువన, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే వైపు ఉన్న చిన్న ఊరు. తాతల కాలం నుంచి కతోలికులం. మా విచారణ (ఒక గురువు చూసుకునే ఊళ్ల సంఘం) కేంద్రం మాకు 7 కిలోమీటర్ల దూరం. నెలలో రెండు ఆదివారాలు విచారణ గురువులు మా ఊరికి వచ్చి దివ్యబలిపూజ సమర్పిస్తారు. మిగిలిన ఆదివారాల్లో ఉపదేశిగారు ప్రార్థన నడిపిస్తారు.

మూడేళ్ల క్రితం మావారు కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువుల్లో వరుసగా రెండు పంటలు తెల్లమచ్చ వ్యాధితో పోయాయి. మేత కొట్టులోనూ, తెలిసినవారి దగ్గరా చేసిన అప్పులు అలాగే ఉండగా, గత ఏడాది సార్వా ఊడ్పుల రోజుల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా పోయింది. ఏది కావాలన్నా ఎడమ చేత్తో చూపించడమే తప్ప చెప్పలేరు. ఆయనను ఒంటరిగా వదిలి అరగంట బయటకు వెళ్లాలన్నా నాకు ధైర్యం చాలదు.

పెళ్లికి ముందు నుంచీ నేను గుడిలో పాటల బృందంలో ఉన్నాను. ప్రతి రాత్రి ఇద్దరం కలిసి జపమాల చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు జపమాల చేతిలోకి తీసుకుంటే పెదవులు కదులుతాయి గాని మనసు రాయిలా ఉంటుంది. కొన్ని రాత్రులు జపమాలలోని ఐదు దేవరహస్యాల్లో (భాగాల్లో) రెండోది పూర్తికాకుండానే కునుకు పడుతుంది. మరికొన్ని రాత్రులు సర్వేశ్వరుని మీద కోపం వస్తుంది, ఆ వెంటనే ఆ కోపానికి భయం వేస్తుంది. మొదటి నెలల్లో గుడివాళ్లు చాలామంది వచ్చి చూశారు. తరువాత రాకపోకలు తగ్గాయి. ఆదివారం ప్రార్థనలో మావారి పేరు చదువుతున్నారట, అది మాత్రం వింటున్నాను.

పక్కింటావిడ చాలా మంచిది, అన్నం కూరలు ఇచ్చి ఆదుకున్న మనిషి. ఆవిడ వెళ్లే స్వస్థత కూటానికి మమ్మల్నీ రమ్మంటుంది. నమ్మకం గట్టిగా ఉంటే రోగం నిలవదని, నిలిచిందంటే ఇంట్లో ఎక్కడో లోపం ఉన్నట్టేనని అంటుంది. ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది.

దేవుడు నా నుంచి దూరమైనందువల్లనే ప్రార్థన ఇలా పొడిబారిందా? మనసు లేకుండా నోటితో చెప్పే జపానికి విలువ ఉంటుందా? గుడి గడప తొక్కలేని మనిషి విచారణలో ఎలా నిలిచి ఉంటుంది? ఇలాంటి దారి నడిచినవారు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు 1: పాలకొల్లు ప్రాంతపు విశ్రాంత ఉపాధ్యాయుడు

అమ్మా, మీరు మూడు ప్రశ్నలు అడిగినా వాటన్నిటి వెనుక ఉన్న భయం ఒక్కటే అనిపించింది. మనసు కరగడం లేదు కాబట్టి విశ్వాసం కూడా లేదేమోనని మీరు భయపడుతున్నారు. మనసు కరగడం వేరు, విశ్వాసం వేరు. కరగని మనసుతో కూడా ప్రతి రాత్రి జపమాల చేతిలోకి తీసుకుంటున్నారంటే అది విశ్వాసం కాక మరేమిటి? మనసు వెన్నలా ఉన్న రోజుల్లో ప్రార్థించడానికి పెద్ద కష్టం ఉండదు, ఆ మాట నా అనుభవం మీద చెబుతున్నాను.

దుఃఖ దేవరహస్యాలలో మొదటిదాన్ని ఒకసారి గుర్తుచేసుకోండి. సిలువ మరణానికి ముందు రాత్రి గెత్సేమని తోటలో ప్రభువు మూడుసార్లు ప్రార్థించారు. మూడవసారి కూడా ఆ మునుపటి మాటలే పలుకుతూ ప్రార్థించారని మత్తయి సువార్త 26వ అధ్యాయం చెబుతుంది. అంతటి వేదనలో ఆయన కొత్త మాటల కోసం వెతుక్కోలేదు. తోడుగా ఉండమని అడిగిన స్నేహితులు నిద్రపోయారు. తొలగించమని వేడుకున్న శ్రమల పానపాత్ర తొలగిపోలేదు. మీ ఇంట్లో రాత్రిపూట జరుగుతున్నది, చెప్పిన మాటనే చెప్పుకోవడం, తోడు లేకపోవడం, అడిగినది దొరకకపోవడం, ఇవన్నీ ఆ తోటలో ముందే ఉన్నాయి. అందుచేత నోటి జపం విలువ తక్కువదని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను. సొంత మాటలు ఎండిపోయిన మనిషికి శ్రీసభ (మన కతోలిక సంఘం) తన మాటలను చేబదులుగా ఇస్తుంది. జపమాలలో పదే పదే చెప్పుకునే మంగళవార్త జపం అలాంటిదే.

కోపం గురించి. 88వ కీర్తన చదవండి. అందులో భక్తుడు పగలూ రాత్రీ మొరపెట్టుకుంటాడు, నీ ముఖాన్ని నాకెందుకు మరుగుచేశావని దేవుణ్ణే నిలదీస్తాడు, చివరకు చీకటి అనే మాటతోనే ముగిస్తాడు. దాదాపు మిగతా విలాప కీర్తనలన్నిటిలో చివర ఎక్కడో ఒక స్తుతి కనిపిస్తుంది, దీనిలో అదీ లేదు. అయినా శ్రీసభ ఈ కీర్తనను పక్కన పెట్టలేదు, శుక్రవారం రాత్రి నిద్రకు ముందు గురువులు, మఠకన్యలు చెప్పుకునే ప్రార్థనలోనే ఉంచింది. ఆ కోపాన్ని దేవునితోనే చెప్పుకుంటున్నంత కాలం అది ప్రార్థనే. ఆయనతో మాట మానేయడమే ప్రమాదం, మీరు మానలేదు.

నిద్ర గురించి కూడా బాధపడకండి. లిసియూ పునీత చిన్న తెరేజమ్మ మఠంలో ధ్యాన సమయంలో నిద్రపోయేవారు. బిడ్డలు నిద్రపోతున్నా, మెలకువగా ఉన్నా తల్లిదండ్రులకు ఒకేలా ముద్దు అని ఆమె తనకు తాను సమాధానం చెప్పుకున్నారు. అదే తెరేజమ్మకు 1896 పాస్కా పండుగ రోజుల నుంచి, 1897 సెప్టెంబరు 30న 24 ఏళ్ల వయసులో క్షయతో మరణించే వరకు, పరలోకం ఉందన్న నమ్మకమే చీకట్లో పడిపోయింది. ఆ రోజుల్లో ఆమె విశ్వాస సంగ్రహాన్ని తన రక్తంతో రాసి గుండె దగ్గర పెట్టుకున్నారు. అనుభూతి ఏదీ మిగలకపోయినా "విశ్వసించుచున్నాను" అనే మాటను వదలలేదు. కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం 2731వ పేరా కూడా ఈ పొడితనాన్ని ప్రార్థించేవారికి ఎదురయ్యే కష్టాలలో ఒకటిగా చెప్పి, యేసుతో పాటు ఆయన వేదనలోనూ సమాధిలోనూ నిలిచి ఉండే విశ్వాస ఘడియ అది అంటుంది.

ఇక పక్కింటావిడ మాట. ఆవిడ పెట్టిన అన్నానికి కృతజ్ఞత చూపండి, ఆ అన్నంలో ప్రభువు ప్రేమ ఉంది. కాని ఆ మాటను మాత్రం గుండెలో పెట్టుకోకండి. పుట్టు గుడ్డివాణ్ణి చూపించి, ఇతడు పాపం చేశాడా, ఇతని తల్లిదండ్రులు చేశారా అని శిష్యులు అడిగినప్పుడు, ఇతడూ కాదు, ఇతని తల్లిదండ్రులూ కాదు అన్నారు ప్రభువు (యోహాను 9వ అధ్యాయం). ఫిబ్రవరి 11న మనమంతా గుణదల కొండ ఎక్కి లూర్దుమాతను వేడుకుంటాము కదా, 1858లో ఆ లూర్దు గుహ దగ్గర 18 సార్లు మరియమాతను చూసిన పునీత బెర్నదెత్తమ్మ ఉబ్బసంతో, ఎముకల క్షయతో ఏళ్ల తరబడి మంచాన పడి 35 ఏళ్లకే మరణించారు. ఈ లోకంలో కాదు, పరలోకంలోనే నిన్ను సంతోషపెడతానని మరియమాత ఆమెకు మాట ఇచ్చారు. ఆమె విశ్వాసంలో లోపం ఉందని ఎవరనగలరు?

ఒక్క సలహా ఇస్తాను. ఇలాంటి చీకటి వేళల్లో మునుపటి నిర్ణయాలు మార్చుకోవద్దని లొయోలా పునీత ఇగ్నేషియస్‌గారు చెప్పారు. కొత్త కూటానికి వెళ్లాలా, జపమాల మానేయాలా అనే ఆలోచనలు ఇప్పుడు వద్దు. జపమాల మొత్తం కాకపోతే ఒక్క దేవరహస్యం చాలు. దానిని మాత్రం ఒకే వేళకు చెప్పుకోండి.

జవాబు 2: లంక ఊరి కోడలు

అక్కా, మాస్టారుగారు చెప్పినంత చదువు నాకు లేదు. మా అత్తగారిని పక్షవాతంతో మూడేళ్లు మంచం మీద చూసుకున్నాను కాబట్టి, ఆ ఇంట్లో నేను ఆలస్యంగా తెలుసుకున్న కొన్ని సంగతులు మీకు ముందుగా చెప్పాలనిపించింది.

మొదటిది, ఆదివారం పూజకు వెళ్లలేకపోతున్నందుకు మీరు పాపం చేస్తున్నట్టు కుమిలిపోవద్దు. రోగం గాని, చంటిబిడ్డల సంరక్షణ గాని, అలాంటి తీవ్రమైన కారణం గాని ఉన్నవారికి ఆ బాధ్యత నుంచి మినహాయింపు ఉందని సత్యోపదేశమే చెబుతుంది. మా విచారణ గురువులు చెప్పేదాకా నాకు ఆ సంగతి తెలియక, గురువుల దగ్గర పాపాలు ఒప్పుకునే ప్రతి పాపసంకీర్తనంలోనూ దానినే చెప్పుకుని ఏడ్చేదాన్ని.

రెండవది, దివ్యసత్ప్రసాదం (పూజలో ఆశీర్వదించి ఇచ్చే అప్పం) మీ ఇంటికి రాగలదు. మొదటి శుక్రవారం రోగులకు సత్ప్రసాదం తీసుకువెళ్లే అలవాటు చాలా విచారణల్లో ఉంది. గురువులకు వీలు కాకపోతే అందుకు నియమితులైన సిస్టర్లు గాని, విశ్వాసులు గాని తెస్తారు. మావారికే కాదు, నాకూ ఇవ్వండి అని అడగండి. సత్ప్రసాదం స్వీకరించడానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదన్న నియమం కూడా రోగులకు, వారిని చూసుకునేవారికి వర్తించదు. శ్రీసభ ధర్మశాస్త్రంలో ఆ మినహాయింపు మనలాంటివాళ్ల పేరు మీదే రాసి ఉందని తెలిసిన రోజున, మా అత్తగారికి గంజి పట్టి, మిగిలినది నేను తాగి, ఆ వెంటనే నిశ్చింతగా సత్ప్రసాదం స్వీకరించాను. వంటింట్లో అలసిపోయిన మనిషిని కూడా శ్రీసభ తలచుకుందన్న సంగతి నన్ను చాలా కాలం నిలబెట్టింది.

మూడవ సంగతి అభ్యంగనం, అంటే గురువులు రోగికి తైలం పూసి చేసే ప్రార్థన. మన వైపు దాన్ని ఇంకా అవస్థ అభ్యంగనం అంటారు. ఫాదర్‌గారు తైలంతో ఇంటికి వచ్చారంటే ఇక మనిషి దక్కడని భయపడతారు. మా ఇంట్లోనూ ఆ భయంతోనే ఏడాది పిలవలేదు, ఇప్పటికీ నాకు దాని గురించి బాధే. అది మరణ ఘడియలో ఉన్నవారికి మాత్రమే కాదని, వ్యాధిగ్రస్తుల అభ్యంగనం అనడమే సబబని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే చెప్పింది. యాకోబుగారి లేఖ 5వ అధ్యాయంలో ఉన్నది కూడా రోగిగా ఉన్నవాడు శ్రీసభ పెద్దలను పిలిపించుకోవాలనే గాని, ప్రాణం పోయే వేళ కోసం ఆగాలని కాదు. రోగం ముదిరితే మళ్లీ పొందవచ్చు. మా అత్తగారు లేచి నడవలేదు. కాని ఆ సాయంత్రం నుంచి రాత్రిపూట ఉలిక్కిపడి కేకలు వేయడం తగ్గింది, అంతవరకు నేను కళ్లారా చూశాను.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. పక్షవాతంతో మాట పోయినవారిలో కొందరు సొంతంగా ఒక్క మాట చెప్పలేకపోయినా, చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన జపాలను, పాటలను పలకగలుగుతారు. వైద్యులకు ఇది తెలిసిన విషయమే, మాకు స్పీచ్ థెరపీ చేసినావిడ చెప్పింది. మీరు జపమాలను మనసులో కాకుండా ఆయన మంచం పక్కన కూర్చుని పైకి చెప్పండి. "దేవ వరప్రసాదముచేత నిండిన మరియమ్మా" అని మీ సగం చెప్పి, "పరిశుద్ధ మరియమ్మా" దగ్గర ఆయన కోసం కాసేపు ఆగండి. ఇన్నేళ్లుగా ఆ సగం ఆయనదే కదా. పలకకపోయినా నిరాశపడకండి.

రాత్రుళ్లు నిద్ర బొత్తిగా పట్టక బతుకు మీదే ఆశ తగ్గుతున్నట్టు అనిపిస్తే మాత్రం దాన్ని విశ్వాసలోపమని దాచుకోకండి. మీ గురించి కూడా డాక్టరుగారికి చెప్పండి. నేను చెప్పకుండా దాచి చాలా నష్టపోయాను.

జవాబు 3: రాజోలు వైపు ఒక ఉపదేశి

అమ్మగారూ, మీ మూడవ ప్రశ్న చదివి ఉపదేశిగా నేను తలదించుకున్నాను. గుడి గడప తొక్కలేని మనిషి విచారణలో ఎలా నిలవాలని మీరు అడిగారు. ఆ ప్రశ్న నిజానికి మేము అడగవలసినది. రోగుల పేర్లు ఆదివారం చదివి, ఆ ఇళ్ల వైపు వెళ్లకపోవడం మా ఊళ్లోనూ జరిగింది. ప్రేమ లేక కాదు, వెళ్లి ఏం మాట్లాడాలో తెలియక కొందరు, అప్పుల సంగతి తెలిసి చేయి చాచి అడుగుతారేమోనని మరికొందరు ఆగిపోతారు. ఈ రెండవ కారణం చెప్పడానికి సిగ్గుగా ఉంది.

మా ఊళ్లో ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. పూజ ఉన్న ఆదివారం రోగి దగ్గర కూర్చోవడానికి ఇద్దరిని ముందు రోజే అనుకుంటాము. వారు ముందు శనివారం సాయంత్రం కేంద్రంలో జరిగే ఆదివార పూజలో పాల్గొని, మర్నాడు ఆ ఇంట్లో గంటన్నర ఉంటారు. ఇంటి మనిషి గుడికి వచ్చి వెళుతుంది. దాళ్వా కోతల నెలలో మనుషులు దొరక్క ఇది ఆగిపోయింది, మళ్లీ మొదలుపెట్టడానికి చాలా తిరగవలసి వచ్చింది. అయినా నడుస్తోంది. మీ ఉపదేశిగారిని ఇంటికి పిలిపించి, "ఈ ఆదివారం నాకు గంటన్నర కావాలి, ఎవరిని కూర్చోబెడతారు?" అని సూటిగా అడగండి. ప్రార్థించండి అని మాత్రమే అడిగితే మేము పేరు చదివి ఊరుకుంటాము. మనిషి కావాలని అడిగితే మాకు తప్పించుకునే దారి ఉండదు.

అప్పుల విషయం నలుగురిలో చెప్పుకోలేకపోతే, మీ విచారణలో విన్సెంట్ డి పాల్ సభ ఉందేమో కనుక్కోండి. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే 20 ఏళ్ల విద్యార్థి తన స్నేహితులతో కలిసి ఆ సభను మొదలుపెట్టినప్పటి నుంచీ, పేదల ఇళ్లకు స్వయంగా వెళ్లడమే దాని ముఖ్యమైన పని. అక్కడ చెప్పుకున్న విషయం బయటకు పొక్కదు. అప్పు తీర్చేంత సొమ్ము వారి దగ్గర ఉండదు గాని, మందులకో, పిల్లల ఫీజులకో దారి చూపుతారు.

1996 నవంబరు 6 నాటి తుపాను రాత్రి నాకు బాగా గుర్తు. తెల్లవారేసరికి మా కొబ్బరిచెట్లు నేలమట్టమయ్యాయి, గుడి మీద కప్పు లేదు. ఆ ఆదివారం ఎవరికీ పాట రాలేదు. మా నాన్నగారు పరలోక జపం మొదలుపెట్టారు, సగంలో ఆయన గొంతు పూడుకుపోతే వెనుక నుంచి ఎవరో అందుకున్నారు. విచారణ అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను ఇప్పటికీ ఆ ఆదివారం గురించే చెబుతాను.

మళ్లీ ప్రశ్న అడిగిన సోదరి (మూడు వారాల తరువాత)

మాస్టారుగారికి, చెల్లెమ్మకు, ఉపదేశిగారికి నా వందనములు. మా ఉపదేశిగారిని పిలిచి, మీరు చెప్పిన మాటలతోనే అడిగాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. పోయిన ఆదివారం పాటల బృందంలోని ఇద్దరు వచ్చి మావారి దగ్గర కూర్చున్నారు. పది నెలల తరువాత గుడిలో కూర్చున్నాను. పాడలేదు, విన్నాను. మనసు ఇంకా రాయిలాగే ఉంది, ఆ విషయంలో అబద్ధం చెప్పను. కాని ఆ రాయిని మోసుకునే గుడికి వెళ్లవచ్చని ఇప్పుడు తెలిసింది.

జపమాల ఆయన పక్కన పైకి చెబుతున్నాను. మొదటి వారం ఏమీ లేదు. మొన్న మంగళవారం నాలుగో దేవరహస్యంలో, నేను ఆగిన చోట, "మా కొరకు" అన్నారు. అంతే. ఆ తరువాతి రెండు రోజులు మళ్లీ మాట లేదు. నిన్న పెదవులు కదిలాయి.

ఈ మొదటి శుక్రవారం ఫాదర్‌గారు సత్ప్రసాదంతోను, తైలంతోను వస్తానన్నారు. పక్కింటావిడకు చెబితే, ఆ పూట వంట తాను చేస్తానంది. బల్ల మీద పరచడానికి తెల్ల గుడ్డ ఉతికి ఆరేశాను.