ఉంగరపు వేలి నుంచి గుండెకు నరం ఉందా?

సందేహి:
పెళ్లి ఉంగరం ఎడమచేతి నాలుగో వేలికే ఎందుకంటే, అక్కడి నుంచి గుండెకు నేరుగా ఒక నరం వెళ్తుందట. అందరూ ఇదే మాట, ఆధారం మాత్రం ఎవరూ చూపరు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది నాకు. ఆచారం ముందు పుట్టి, కారణం తర్వాత పుట్టిందేమో?

తాళపత్రం:
మాట పాతదేనండీ. రెండో శతాబ్దపు రోమన్ రచయిత ఆలస్ గెలియస్ రాశాడు. ఈజిప్టులో శవాలను కోసి చూస్తే ఆ వేలి నుంచి గుండెదాకా సన్నని నరం కనిపించిందని అపియన్ అనే పండితుడు చెప్పాడంటాడు. అయితే ఆయన అక్కడ పెళ్లి ఊసే ఎత్తలేదు! గ్రీకులూ రోమన్లూ మామూలుగా ఉంగరం ఏ వేలికి పెట్టుకుంటారన్నదే ఆయన చెప్పింది. దాన్ని ప్రేమకు ముడిపెట్టింది తర్వాతివాళ్లు.
పెళ్లి సంగతే కావాలంటే ప్లినీ అనే రోమన్ రచయితను చూడాలి. ఒకటో శతాబ్దంలో ఆయన రాసిందాని ప్రకారం, పెళ్లి కుదిరిన అమ్మాయికి ఇనుప ఉంగరం పంపేవారు. రాయి కూడా ఉండేది కాదు.

నాడిపట్టు:
అలాంటి ప్రత్యేక నరమేదీ లేదు. రక్తం అన్ని వేళ్ల నుంచీ గుండెకే చేరుతుంది, బొటనవేలు చేసిన పాపమేంటి? రష్యా, పోలండ్, నార్వేల్లో పెళ్లి ఉంగరం కుడిచేతికి పెట్టుకుంటారు. వాళ్ల గుండెలు అటువైపున్నాయా?

అరుగుమీద:
వెటకారం సరే. కారణం తప్పయితే ఆచారమూ తప్పేనా? రెండువేల ఏళ్లుగా జంటలు ఇచ్చిపుచ్చుకుంటున్న వస్తువది.

తాళపత్రం:
‘ఇచ్చిపుచ్చుకోవడం’ దగ్గర నాకు పేచీ ఉంది. ప్లినీ చెప్పిన ఉంగరం అమ్మాయికి మాత్రమే. అమెరికాలో పెళ్లికొడుకు ఉంగరం బాగా వాడుకలోకి వచ్చింది 1940ల్లో, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో. అంతకుముందు నగల వర్తకులు ఎంత ప్రచారం చేసినా మగవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఇక వజ్రపు ఉంగరమంటారా, ఆస్ట్రియా మాక్సిమిలియన్ 1477లో బర్గండీ మేరీకి ఇచ్చాడని చెబుతారు. రాజులకు చెల్లింది. మామూలు ఇళ్లకు అది ‘తప్పనిసరి’ కావడంలో డి బీర్స్ అనే వజ్రాల కంపెనీ ప్రకటనల పాత్ర చాలా ఉంది. ‘వజ్రం శాశ్వతం’ అన్న వాళ్ల నినాదం పుట్టింది 1947లో.

నాడిపట్టు:
అదే నేననేది. సంప్రదాయం అంటున్నదాంట్లో సగం దుకాణం సరుకే.

అరుగుమీద:
మీరిద్దరూ నా వాదానికే బలమిస్తున్నారు. యుద్ధానికి ముందు వర్తకులు చెబితే వినని మగవాళ్లు యుద్ధకాలంలో ఎందుకు పెట్టుకున్నారు? సముద్రం దాటి వెళ్లే సైనికుడికి ఇంటి గుర్తు ఒకటి వేలికి ఉండాలనిపించి ఉంటుంది. దుకాణం ఉంగరాన్ని అమ్మింది, నిజమే. దానికి అర్థం ఇచ్చింది మాత్రం వాడు.

సందేహి:
నరం కథ ఇక ఎవరికీ పంపను. కానీ తాళపత్రం గారూ, ఆ ఇనుప ఉంగరం అమ్మాయికి కానుకా, ‘ఈమె మాకు ఖాయమైంది’ అని వేసిన గుర్తా? ప్లినీ ఏమన్నాడు?

తాళపత్రం:
కానుకగా పంపేవారనే అన్నాడు. పుచ్చుకున్న అమ్మాయి ఏమనుకుందో రాయలేదు.