బస్టాప్‌లో ఉండే మతిస్థిమితం లేని మనిషికి వైద్యం చేయించడం ఎలా?

కాలనీవాసి:
హైదరాబాద్‌లో మా కాలనీ బస్టాప్‌లో ఒకాయన నెలల తరబడి ఉంటున్నాడు. నలభై ఏళ్లుంటాయేమో. తనలో తనే మాట్లాడుకుంటాడు, ఒక్కోసారి గట్టిగా అరుస్తాడు, కాలికి పెద్ద పుండు. టిఫిన్ సెంటర్ వాళ్లు ఇడ్లీ పెడతారు, ఎవరో దుప్పటి ఇచ్చారు, కానీ ఆయనకి కావాల్సింది వైద్యం కదా. పోలీసులని అడిగితే "ఎవర్నీ కొట్టలేదుగా, మేమేం చేస్తాం" అన్నారు. ఒక ఆసుపత్రిలో బంధువులు వెంట ఉండాలన్నారు. బంధువులుంటే రోడ్డు మీద ఎందుకుంటాడు? అసలు బాధ్యత ఎవరిది?

లాయర్ శ్రీను:
పోలీసులదే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సెక్షన్ 100 చదవండి. తనని తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న మనిషిని వాళ్లు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్‌లో పెట్టకూడదు. మిస్సింగ్ కేసు కింద ఎఫ్‌ఐఆర్ రాసి ఇంటివాళ్లని వెతకాల్సింది కూడా స్టేషన్ ఎస్‌హెచ్‌ఓనే, అంటే స్టేషన్ ఇన్‌చార్జి ఆఫీసరే. నోటితో అడిగితే పంపించేస్తారు, కాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకోండి. కదలకపోతే ఉచిత న్యాయసాయం చేసే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లండి, మేజిస్ట్రేట్ ఆర్డర్ ఇవ్వొచ్చు. ఇల్లూవాకిలీ లేనివాళ్లకి వైద్యం ఉచితం, రేషన్ కార్డు లేకపోయినా.

తమ్ముడు_విజయవాడ:
లాయర్ గారు చెప్పినవన్నీ చేయండి, కానీ ముందు ఆయనతో మాట్లాడారా? తెలుగు రాకపోతే హిందీలోనో ఒడియాలోనో ఊరి పేరు అడిగి చూడండి, రైలెక్కి ఎక్కడెక్కడి నుంచో వచ్చేస్తుంటారు. మా అన్నకి స్కిజోఫ్రెనియా అనే మానసిక జబ్బు. మందులు ఆపేసి ఇంట్లోంచి వెళ్లిపోయాడు, నాన్న కూలిపని మానుకుని స్టేషన్లన్నీ తిరిగాడు, దొరికేసరికి మేం అప్పుల్లో ఉన్నాం. ఇలాంటి మనిషిని చూడగానే "ఇంట్లోవాళ్లు వదిలేశారు" అనేస్తారు, అది వింటే నాకు కడుపు రగిలిపోతుంది. ఇప్పుడు మందులు వాడుతూ కిరాణా కొట్లో లెక్కలు రాస్తున్నాడు. మహారాష్ట్రలోని కర్జత్‌లో శ్రద్ధ ఫౌండేషన్ చేసేది కూడా ఇదే, ముందు వైద్యం, కాస్త కుదుటపడ్డాక ఊరు అడిగి ఇంటికి తీసుకెళ్లడం. దాన్ని నడిపే డాక్టర్ భరత్ వాత్వానీకి 2018లో మెగసెసే అవార్డు వచ్చింది.

పద్మ:
ఒక్క మాట, వ్యాన్ వచ్చి ఎక్కించుకెళ్లింది కదా అని వదిలేయకండి, ఎక్కడికి తీసుకెళ్లారో కనుక్కోండి. 2017 నవంబర్‌లో ఇవాంకా ట్రంప్ వస్తుందని మన సిటీలో అడుక్కునేవాళ్లని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని షెల్టర్లకి తరలించారు. అది వైద్యం కాదు, రోడ్డు శుభ్రం చేయడం. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి చేరితే సంతోషమే, కానీ నా దిగులంతా డిశ్చార్జి గురించి. ఇంటివాళ్లు లేరన్న ఒక్క కారణంతో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని సెక్షన్ 19 చెబుతుంది, అలాంటివాళ్లు ఉండటానికి హాఫ్‌వే హోమ్‌ల్లాంటివి, అంటే ఆసుపత్రికీ ఇంటికీ మధ్య మజిలీలా ఉండే వసతులు, ప్రభుత్వం ఏర్పాటు చేయాలి. అవి సరిపడా లేకే మళ్లీ అదే ఫుట్‌పాత్‌కి వస్తున్నారు, మందులు ఆగిపోతున్నాయి. చేర్చుకున్న రోజే అక్కడి సోషల్ వర్కర్‌ని కలిసి మీ ఫోన్ నంబర్ ఇవ్వండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 కి కూడా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

కాలనీవాసి:
అందరికీ థ్యాంక్స్. హిందీలో అడిగితే ఏదో ఊరి పేరు చెప్పాడు, సరిగ్గా అర్థం కాలేదు గానీ రాసుకున్నాను. అప్లికేషన్ కూడా రాశాను. శ్రీను గారూ, కాలి పుండు ఫొటో దానికి జత చేయొచ్చా, ఆయన పరువుకి ఇబ్బంది అవుతుందా?

లాయర్ శ్రీను:
కాలు వరకే తీయండి, ముఖం పడకూడదు. వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి.