మిస్సోరిలోని హామిల్టన్ మళ్లీ ఎలా నిలదొక్కుకుంది? పెద్దవాళ్లను తీసుకువెళ్లవచ్చా?

ప్రశ్న: కుట్టుపని_కోడలు

మేము కాన్సాస్ సిటీ శివారులో ఉంటున్నాము. ఈ వేసవికి మా అత్తగారు, మామగారు ఇండియా నుంచి వస్తున్నారు. అత్తగారు బొంతలు కుట్టడంలో చెయ్యి తిరిగినవారు. యూట్యూబ్‌లో జెన్నీ డోన్ గారి పాఠాలను, మాటలు సగమే అర్థమైనా, చేతుల కదలికను బట్టి అనుసరిస్తూ ఉంటారు. ఆ పాఠాలు తయారుచేసే మిస్సోరి స్టార్ క్విల్ట్ కంపెనీ హామిల్టన్‌లోనే ఉందని తెలిసి, ఒకసారి చూపించాలని అనుకుంటున్నాము. రెండు వేల జనాభా కూడా లేని ఆ ఊరు, దుకాణాలు మూతపడిన స్థితి నుంచి కోలుకుందని చదివాను. ఒక్క కంపెనీ ఒక ఊరిని నిజంగా నిలబెట్టగలదా? దారం, సూది అంటే ఏ ఆసక్తీ లేని మామగారికి అక్కడ పొద్దు గడుస్తుందా?

జవాబు: 36వ_రహదారి

తప్పకుండా తీసుకువెళ్లండి. 35వ ఇంటర్‌స్టేట్ మీద ఉత్తరంగా కామెరాన్ దాకా వెళ్లి, అక్కడ 36వ నంబరు రహదారి మీద తూర్పుకు తిరిగితే కొద్దిసేపట్లోనే హామిల్టన్ వస్తుంది.

ఇది రైలు మార్గాన్ని నమ్ముకుని 1855లో వెలసిన ఊరు. హానిబల్, సెయింట్ జోసెఫ్ పట్టణాలను కలిపే ఆ మార్గం 1859లో పూర్తయింది. చుట్టుపక్కల రైతులు సరుకులకు వచ్చే చోటు కావడం వల్లే ఇక్కడి వీధికి అంత కళ ఉండేది. సేద్యంలో యంత్రాలు పెరిగి రైతు కుటుంబాలు తగ్గిపోవడం, పెద్ద దుకాణాలు పెద్ద పట్టణాల అంచుల్లో వెలియడం వల్ల మధ్యపశ్చిమంలోని ఇటువంటి ఊళ్లన్నీ దెబ్బతిన్నాయి. హామిల్టన్ కథ కూడా అదే.

2008లో ఆర్థిక సంక్షోభం వచ్చినప్పుడు డోన్ దంపతుల పదవీ విరమణ పొదుపు కరిగిపోతున్నదని పిల్లలు కంగారుపడ్డారు. అదే కాలంలో, జెన్నీ గారు పైభాగం కుట్టి, పొరలన్నీ కలిపే యంత్రపు కుట్టుకు ఇచ్చిన ఒక బొంత చేతికి రావడానికి దాదాపు ఏడాది పడుతుందని వారికి తెలిసింది. అంత వరుస ఉన్న పనికి గిరాకీ ఉన్నట్లే కదా అని, అప్పు చేసి అలా పొరలను కలిపి కుట్టే లాంగ్‌ఆర్మ్ అనే పెద్ద యంత్రమూ దానిని పెట్టడానికి ఊళ్లోనే ఒక భవనమూ కొన్నారు. స్థానికంగా వచ్చే పని చాలలేదు. కొడుకు ప్రోద్బలంతో తల్లి వీడియో పాఠాలు మొదలుపెట్టడమే మలుపు అయింది. అయిదు అంగుళాల చదరాలుగానో, రెండున్నర అంగుళాల పట్టీలుగానో ముందే కత్తిరించి, ఒకదానికొకటి నప్పే రంగుల్లో కట్టగట్టిన గుడ్డలతో ఆమె పాఠం చెబుతారు. చూసినవారు అదే కట్టను ఆన్‌లైన్‌లో కొనుక్కుంటారు. కొలిచి కత్తిరించే బాధ లేదు కనుక కొత్తవాళ్లు కూడా ధైర్యంగా మొదలుపెట్టారు.

జవాబు: పాతలెక్కలు

పైన చెప్పిన చరిత్ర సరైనదే కానీ, "కోలుకున్న ఊరు" అనే మాటను కొంచెం జాగ్రత్తగా వాడాలని నా అభిప్రాయం. ఆదాయం ఊరి వీధిలో పుట్టలేదు. అది దేశమంతటి నుంచి పార్సిళ్ల రూపంలో వచ్చింది, అందులో కొంత భాగాన్ని ఆ కుటుంబం డేవిస్ వీధిలోని పాత భవనాల మీద పెట్టింది. ఒకటి బాతిక్ గుడ్డలకు, ఒకటి పూల డిజైన్లకు, ఇంకొకటి పండుగల గుడ్డలకు అంటూ ఒకే దుకాణాన్ని పదికి పైగా ముక్కలుగా విడగొట్టి వీధి పొడవునా పరిచారు. వ్యాపారపరంగా చూస్తే ఒకే పెద్ద షెడ్డులో అన్నీ పెట్టడమే చవక. అయినా కొనడానికి వచ్చిన మనిషి ఒక తలుపు నుంచి మరో తలుపుకు నడవాలి, మధ్యలో ఆకలి వేయాలి, పొద్దుపోతే అక్కడే బస చేయాలి. ఆ నడకే తక్కిన వ్యాపారాలకు బతుకుతెరువు. నాకు నచ్చిన తెలివి ఇది.

సంస్థను నడిపించిన ముగ్గురిని 2015లో అమెరికా చిన్న వ్యాపారాల ప్రభుత్వ సంస్థ జాతీయ స్థాయిలో ఆ ఏటి మేటి చిన్న వ్యాపారులుగా ఎంపిక చేసింది. ఆ గౌరవానికి వారు అర్హులే. కానీ వందల ఉద్యోగాలు ఒకే యజమాని చేతిలో ఉన్నాయన్న సంగతి అలాగే ఉంది. పక్క ఊళ్లవాళ్లు అనుకరించాలంటే మరో బొంతల దుకాణం తెరిచి ప్రయోజనం లేదు. బయటి నుంచి డబ్బు తెచ్చే సరుకు ఏదో ముందు ఉండాలి, భవనాల సంగతి ఆ తరువాత. చాలా ఊళ్లు ముందు దీపస్తంభాలు, పూలకుండీలు పెట్టి, వ్యాపారం దానంతట అదే వస్తుందని ఎదురుచూస్తాయి.

జవాబు: డిపో_దగ్గర_బెంచీ

మామగారి సంగతి ఎవరూ చెప్పలేదు కనుక నేను చెబుతాను. భార్యలు గుడ్డలు ఏరుకుంటుంటే భర్తలు కూర్చోవడానికి సోఫాలు, టీవీతో "మ్యాన్స్ ల్యాండ్" అని ఒక చోటునే ఏర్పాటు చేసిన ఊరు అది! అయినా ఆయనను అక్కడ కూర్చోబెట్టకండి. అమెరికా అంతటా పేరున్న జె.సి. పెన్నీ దుకాణాల స్థాపకుడు 1875లో పుట్టింది హామిల్టన్ దగ్గరే. 1895లో ఈ ఊరి బట్టల కొట్టులో నెలకు 2 డాలర్ల 27 సెంట్ల జీతానికి కుదిరిన ఆయన, 1924లో తన 500వ దుకాణాన్ని ఇక్కడే తెరిచారు. ఊరి గ్రంథాలయంలోనే ఆయన మ్యూజియం ఉంది. చిన్నదే కానీ, వ్యాపారం చేసినవారికి బాగా పడుతుంది.

ఇంకా సమయం ఉంటే తూర్పుగా చిల్లికోతీకి వెళ్లండి. ముక్కలుగా కోసిన బ్రెడ్డును యంత్రంతో తయారుచేసి 1928 జూలై 7న మొదటిసారి అమ్మకానికి పెట్టిన ఊరు అది. అక్కడి గోడల మీద చిత్రాలు కూడా బాగుంటాయి. అదే రహదారి మీద ఇంకా ముందుకు వెళితే వాల్ట్ డిస్నీ బాల్యం గడిచిన మార్సెలీన్ వస్తుంది. అక్కడి పాత రైలు డిపోలో ఆయన మ్యూజియం ఉంది. ఆ చుట్టుపక్కలే ఉన్న జేమ్స్‌పోర్ట్‌లో, ఆధునిక సౌకర్యాలకు దూరంగా బతికే ఆమిష్ క్రైస్తవుల దుకాణాలు మాత్రం గురువారం, ఆదివారం మూసి ఉంటాయి కనుక ఆ రోజులు పెట్టుకోకండి.

కుట్టుపని_కోడలు

అందరికీ ధన్యవాదాలు. శుక్రవారం పొద్దున్నే బయలుదేరి, అత్తగారిని డేవిస్ వీధిలో దింపి, మామగారితో మ్యూజియం చూసి, మధ్యాహ్నం తరువాత అందరమూ చిల్లికోతీకి వెళతాము. మార్సెలీన్ దూరం కనుక మరోసారికి ఉంచుతాము.

పాతలెక్కలు గారూ, ఆ వీధిలో మిస్సోరి స్టార్‌వి కాని దుకాణాలు, హోటళ్లు ఏవైనా ఉంటే మా భోజనం, తక్కిన కొనుగోళ్లు అక్కడే పెట్టుకుందామని ఉంది.

పాతలెక్కలు

మంచి ఆలోచన. తినే చోట్ల పేర్లు ఇక్కడ రాయను, చిన్న ఊళ్లలో అవి త్వరగా మారుతుంటాయి. గుడ్డల దుకాణంలో బిల్లు కట్టేటప్పుడు అక్కడి ఉద్యోగినినే, "మీరు భోజనానికి ఎక్కడికి వెళతారు?" అని అడగండి.