21వ తేదీ డిమెన్షియా సభ: హాలు రద్దయింది, అందరూ వెంటనే చూడండి

సుజాత, గురువారం సెప్టెంబర్ 11, రాత్రి 8:40
65 ఏళ్ల లోపే డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన, ప్రవర్తన క్రమంగా దెబ్బతినే జబ్బు) వచ్చినవాళ్ల కోసం ఇక్కడ బ్రిటన్‌లో మనం పెడుతున్న సభకు హాలు చేజారింది. మన పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (సభలో ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం కట్టేది) ఆగస్టు 31తో అయిపోయిందని, ఆ పాత పత్రం కూడా 20 లక్షల పౌండ్లకే ఉందని, వాళ్లకు 50 లక్షలు కావాలని మెయిలు పెట్టారు. పది రోజుల ముందే పత్రం అందాలట. ఆ గడువు ఈ సాయంత్రం ఐదింటితో సరి. 21 ఆదివారం ఎంగిలిపూల బతుకమ్మ కూడా. నాలుగు చోట్ల అడిగాను, ఎక్కడా ఖాళీ లేదు. మన జాబితా మళ్లీ పెడుతున్నాను, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో చెప్పండి: స్టేజి బ్యానరు, ముఖ్య అతిథి, జ్యోతి ప్రజ్వలన, పిల్లల నాట్యాలు, 150 మందికి భోజనం, కరపత్రం, ఫొటోలు.

ప్రసాద్, 8:52
రెన్యువల్ నోటీసు పాత మెయిలుకు వెళ్లింది. రేపు పొద్దున్నే బ్రోకర్‌తో మాట్లాడి 50 లక్షలకు పెంచి పత్రం తెస్తాను. హాలు వాళ్లని ఇంకోసారి బతిమాలుదాం.

పద్మ, 9:05
అన్నా, గడువు దాటాక పత్రం వచ్చి ఏం లాభం? కేటరర్‌కి 300 పౌండ్లు అడ్వాన్సు ఇచ్చేశాం. వారం ముందు చెబితేనే వెనక్కిస్తాడు. ఉగాదికీ ఇదే జరిగింది.

ప్రసాద్, 9:09
ఉగాది సంగతి ఇప్పుడెందుకమ్మా? ఆ మెయిలు పాస్‌వర్డు ఇమ్మని జూన్ నుంచి అడుగుతున్నాను, ఒక్కరైనా ఇచ్చారా? ఇన్ని మాటలు పడే ఓపిక నాకు లేదు. లెక్కల పుస్తకం ఎవరైనా తీసుకోండి.

రవి, 9:15
ఇద్దరూ కాస్త ఆగండి. దసరా, దీపావళి అయ్యాక నవంబర్‌లో పెట్టుకుంటే పోదా?

మాధవి, 9:48
వాయిదా వద్దు. రావడానికి ఒప్పుకున్న మూడు కుటుంబాలూ జబ్బు సంగతి ఆఫీసులో ఇంకా చెప్పలేదు. ఒకసారి కాదంటే మళ్లీ బయటికి రారు. నిజానికి ఆ హాలు నాకు మొదటి నుంచీ నచ్చలేదు. మైకు ప్రతిధ్వని, 150 మంది మాటలు, పిల్లల పరుగులు కలిస్తే డిమెన్షియా ఉన్నవాళ్లకి ఏ మాట వినాలో తెలియదు. పది నిమిషాల్లో లేచి వెళ్లిపోతారు. గోడ పొడవునా అద్దాలున్నాయి, అందులో తమనే చూసి ఎవరో పరాయివాళ్లనుకునేవాళ్లుంటారు. అన్నిటికన్నా గుమ్మంలోని నల్ల పట్టా. పోస్టీరియర్ కార్టికల్ అట్రఫీ అని డిమెన్షియాలో ఒక రకం ఉంది. కళ్లు బాగానే ఉంటాయి, చూసినదాన్ని మెదడు పోల్చుకోలేదు. వాళ్లకి నల్ల పట్టా గొయ్యిలా కనిపిస్తుంది, దాని మీద కాలు పెట్టరు. లాగితే పడిపోతారు. చిన్న గది చూద్దాం.

మాధవి, శుక్రవారం 12, మధ్యాహ్నం 1:20
లైబ్రరీ పైగది శనివారం 20న 2 నుంచి 4 వరకు దొరికింది. 40 కుర్చీలు, లిఫ్టు ఉంది, పక్కన చిన్న గది కూడా ఇస్తామన్నారు. గంటకు 18 పౌండ్లు. ఇన్సూరెన్స్ పత్రం ఈ రోజే కావాలి.

ప్రసాద్, 2:05
వచ్చింది, 50 లక్షలకు. లైబ్రరీకి పంపేశాను. పద్మా, రాత్రి కోపంలో అన్నాను, మనసులో పెట్టుకోకు. కేటరర్‌కి ఇప్పుడే ఫోన్ చేసి రద్దు చెప్పు, వారం ఇంకా దాటలేదు.

పద్మ, 2:30
నేనూ తొందరపడ్డానన్నా. చెప్పేశాను, 300 వెనక్కిస్తున్నాడు. తిండి ఇంట్లోనే చేద్దాం.

రవి, రాత్రి 9:30
సరే అయితే కరపత్రం. పైన "మతిమరుపా?" అని వేశాం, అది తీసేయాలి. 65 లోపు వచ్చే డిమెన్షియా చాలామందిలో మతిమరుపుతో మొదలవదు. ఫ్రంటోటెంపోరల్ రకమైతే ముందు మారేది ప్రవర్తన: మొహమాటం పోతుంది, ఎదుటివాళ్ల బాధ పట్టదు, డబ్బు ఎడాపెడా ఖర్చవుతుంది. కొందరికి మాట తడబడుతుంది, ఇంకొందరు కారు గీతల మధ్య ఆపలేరు. 48 ఏళ్ల మనిషి ఇవన్నీ ఆఫీసు ఒత్తిడి అనుకుంటాడు, ఇంట్లోవాళ్లు డిప్రెషన్ అనో మెనోపాజ్ అనో అనుకుంటారు. "మతిమరుపు" చూసి తమది కాదని పక్కన పెట్టేస్తారు. "చిత్తవైకల్యం" అన్న మాట ఎవరూ వాడరు, పైగా పిచ్చి అని ధ్వనిస్తుంది. "యాభైలో మనిషి మారిపోయారా?" అని పెడదాం. ముసలివాళ్ల జబ్బేగా అనేవాళ్ల కోసం ఒక్క వాక్యం చాలు: 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టర్ అల్జైమర్ చూసిన ఆగస్ట్ డేటర్ వయసు 51. బ్రిటన్‌లో ఇలా 65 లోపే జబ్బు వచ్చినవాళ్లు 70 వేల పైమాటేనని అంచనా.

మాధవి, 10:10
చాలా బాగుంది. జీపీ (మన ఫ్యామిలీ డాక్టరు) దగ్గరికి వెళ్లే ముందు నాలుగు వారాలు తేదీలతో రాసుకోమని వేయండి: ఏం జరిగింది, అంతకుముందు ఎలా చేసేవారు. "మర్చిపోతున్నారు" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు, "పదేళ్లుగా వేస్తున్న టాక్స్ రిటర్న్ ఈసారి మూడుసార్లు తప్పు వేశారు" అంటే తెలుస్తుంది. బి12, థైరాయిడ్ రక్తపరీక్షలు ముందు చేస్తారు, అవి తేలాక మెమరీ క్లినిక్‌కో న్యూరాలజీకో రెఫరల్ అడగాలి. పిల్లల చేత అనువాదం చేయించొద్దు. అమ్మానాన్నల పరువు కాపాడాలని తప్పుల్ని సర్దేస్తారు. దుబాసీని అడగడం హక్కు. ఏస్ పరీక్షకు (జ్ఞాపకం, భాష, ఆలోచన చూసే ప్రశ్నల పరీక్ష) తెలుగు రూపం హైదరాబాద్ నిమ్స్‌లో తయారైంది, క్లినిక్‌ని ముందే అడగమనండి.

రవి, శనివారం 13, ఉదయం 7:15
అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఒకటి: జబ్బు పేరు తేలేదాకా రాజీనామా చేయొద్దు. తప్పులు చేస్తున్నామన్న సిగ్గుతో మానేస్తే సిక్ పే, అనారోగ్య పింఛను, ఉద్యోగంలో ఉండగా చనిపోతే వచ్చే డబ్బు చేజారవచ్చు. జబ్బు తేలితే 2010 ఈక్వాలిటీ చట్టం కింద పనిలో సర్దుబాట్లు అడగొచ్చు: రాతలో సూచనలు, నిశ్శబ్దమైన చోటు, తక్కువ గంటలు. కారు నడిపేవాళ్లు డ్రైవింగ్ లైసెన్సులిచ్చే డీవీఎల్‌ఏకి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి తీరాలి. దాస్తే 1,000 పౌండ్ల దాకా జరిమానా.

సుజాత, 7:40
స్కిల్డ్ వర్కర్ వీసా (కంపెనీ స్పాన్సర్ చేసే ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్ల మాటేమిటి?

రవి, 8:05
అక్కడే చిక్కు, అక్కా. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులకు వీసా కుదిస్తారు. వీసాకు పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వ భత్యాలు) లేవన్న షరతు ఉంటే పిప్ (వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే భత్యం) అడగకూడదు. జీతంలోంచి నేషనల్ ఇన్సూరెన్స్ కట్టినదాన్ని బట్టి వచ్చే న్యూ స్టైల్ ఈఎస్‌ఏ (జబ్బుతో పని చేయలేనివాళ్లకిచ్చే భత్యం) ఆ పబ్లిక్ ఫండ్స్ జాబితాలోది కాదు. కానీ వీసా సలహా మనం ఇవ్వకూడదు, నమోదైన సలహాదారులే ఇవ్వాలన్నది చట్టం. కరపత్రంలో "ఏ ఫారమూ పెట్టకముందు నమోదైన వీసా సలహాదారుల్ని కలవండి" అని ఆపుదాం. కింద డిమెన్షియా యూకే అనే స్వచ్ఛంద సంస్థ అడ్మిరల్ నర్సుల (డిమెన్షియాలో ప్రత్యేక శిక్షణ ఉన్న నర్సులు) నంబరు: 0800 888 6678.

మాధవి, 8:30
ఫొటోలు అసలు వద్దు. ఒక్కటి వాట్సాప్‌లో పడినా ఆఫీసుకు తెలుస్తుంది. హాజరు కాగితంలో మొదటి పేరు చాలు. పక్కగది తోడున్నవాళ్లకి. ఫ్రంటోటెంపోరల్ ఉన్న మనిషి తనకేమీ లేదంటారు, ఆయన ముందు భార్య నోరు విప్పితే గొడవే. మాట్లాడేది ఇరవై నిమిషాలు, మైకు లేకుండా. మిగతా సమయమంతా టేబుళ్ల దగ్గర.

పద్మ, 9:10
పులిహోర, ఇడ్లీ, పెరుగన్నం 40 మందికి చేస్తాం. పులిహోరలో పల్లీలు వేయనా?

మాధవి, 9:14
వద్దు, మింగడం కష్టమైనవాళ్లకి గొంతులో అడ్డుపడతాయి. పెరుగన్నం తెల్ల ప్లేటులో పెట్టకండి, కనపడక సగం వదిలేస్తారు. నీలం ప్లేట్లు తీసుకోండి. ఇడ్లీ మంచిదే, చెంచాతో పనిలేదు.

సుజాత, 11:00
నీలం ప్లేట్లు 50 దొరికాయి. గది చూసి వచ్చాను, ఎండ నేరుగా పడుతుంది కానీ కర్టెన్లున్నాయి. టాయిలెట్ గుర్తు మరీ పైన ఉంది, పసుపు కాగితం మీద బొమ్మ వేసి కంటి ఎత్తులో అంటిస్తాను. లిఫ్టు ముందు అక్కడా నల్ల పట్టా ఉంది. తీయడానికి లైబ్రరీ వాళ్లు ఒప్పుకున్నారు, ఎవరు చూస్తారు?

ప్రసాద్, 11:06
నేను ఒంటిగంటకే వెళ్లి తీసేస్తాను. నాలుగింటికి మళ్లీ వేస్తాను.