వాడిన పొగడా, వాడని పొగడా?

కావలి పెరడు: ఏడేళ్ల కింద పెరట్లో నాటిన పొగడ ఈ వేసవిలో మొదటిసారి పూసింది. తెల్లారేసరికి చెట్టు కింద నేల కనపడలేదు. మా అమ్మమ్మ ఈ పూలు గుచ్చుతూ "వాడిన పొగడకే వాసన" అనేది. తర్వాత ఇంకో ముక్క ఉంది, నోటికి రావడం లేదు. ఎవరికైనా తెలుసా?

కందుకూరు పంతులు: "వాడని" అయ్యుంటుందమ్మా. గుడి ఒక అక్షరం ముందుకు జరిగింది, అంతే.

కావలి పెరడు: కాదు పంతులుగారూ. అమ్మమ్మ ఆ దండలు ట్రంకుపెట్టెలో చీరల మడతల్లో పెట్టేది. పూలు గోధుమరంగుకు తిరిగి, నలిపితే పొడయ్యేవి. వాసన మాత్రం చీరను వదిలేది కాదు. "డి" అనే నా చెవిలో ఉంది.

ఒంగోలు పాఠకుడు: మీరు గుడి దగ్గర ఆగిపోయారు. ముడి "కే"లో ఉంది. "పొగడకే" అంటే మనవరాలిని "అంతగా పొగడకే" అని వారించడం కూడా అవుతుంది. అసలు చెట్టు పేరే "పొగడు" నుంచి వచ్చింది.

నెల్లూరు నుడి: అలాగైతే తడ దాటితే తమిళనాట దీన్నే మగిళం అంటారు, "మగిళ్" అంటే సంతోషించడం కనుక అలా వచ్చిందని వాళ్లూ చెప్తారు. కన్నడంలో పగడె. అందులో పొగడ్తా లేదు, సంతోషమూ లేదు. పేరు ముందు పుట్టింది, అర్థం తర్వాత అతికించుకున్నాం. నా లెక్కన మూడూ సంస్కృతంలోని వకుళం పిల్లలే.

ఒంగోలు పాఠకుడు: మరి "పొ"లో ఒత్వం ఎక్కడిదండీ?

నెల్లూరు నుడి: "వ" పోతూ పోతూ వదిలిన గుర్తు.

కందుకూరు పంతులు: వకుళమంటే నాకు కాళిదాసే. మేఘసందేశంలో యక్షుడి తోటలో అశోకం అతని భార్య ఎడమపాదం కోసం, కేసరం ఆమె పుక్కిటి మధువు కోసం కాచుకుని ఉంటాయి. ఆ కేసరం మన పొగడే. ఆ శ్లోకం చదివిన ప్రతిసారీ మా ఊరి గుడి వెనక చెట్టు గుర్తొస్తుంది. వైష్ణవ భక్తకవి నమ్మాళ్వారుకు వకుళాభరణుడని పేరు వచ్చిందీ ఈ పూల వల్లే.

ఆత్మకూరు తోట: చెట్టున్న ఇంట్లో పెరిగినదాన్ని, ఒక మాట చెప్తాను. పొగడ రాలేటప్పుడు తొడిమ కొమ్మకే ఉండిపోతుంది. రేకుల చక్రం ఒక్కటే నడుమ తూటుతో రాలుతుంది. సూది అక్కర్లేదు, తడిపిన అరటినారకు ఎక్కిస్తే చాలు. మీ రెండో ముక్క దీని గురించేమో.

కావలి పెరడు: అక్కా! చివర "దారం" ఉంది. "రాలిన పొగడకే దారం".

కందుకూరు పంతులు: "రాలిన" అయితే "వాడిన" ఒప్పుకుంటానమ్మా.

ఒంగోలు పాఠకుడు: నేను ఒప్పుకోను. "కే" సంగతి తేలలేదు.