విషమ చక్రీయమా, విజాతి వలయమా?

ప్రశ్న: డిగ్రీ తెలుగు మీడియం నోట్సులో రాసుకున్న వాక్యం ఒకటి వారం నుంచి బుర్రలో తిరుగుతోంది. "వలయంలో కార్బన్‌తో పాటు వేరే మూలకం ఒక్కటి చేరినా అది విషమ చక్రీయ సమ్మేళనం." ఇంగ్లీషు హెటెరోసైక్లిక్‌కి విషమ అనే రాశానా, విజాతి అనా? మా అత్తయ్య కీమో కాగితాల్లో 5-ఫ్లోరోయురాసిల్ అనే మందు పేరు చూసినప్పటి నుంచి ఇదే ధ్యాస, అందులోనూ ఉన్నది అలాంటి వలయమే కదా.

కెమిస్ట్రీ మాస్టారు: మేము విషమ అనే చెప్పేవాళ్లం, నాకు మాత్రం నచ్చేది కాదు. "పరిస్థితి విషమించింది" అని ఆసుపత్రిలో వినే మాట మందు పక్కన ఎందుకండీ? విజాతి వలయం మేలు.

ఛందస్సు అభిమాని: విషమకీ విషానికీ సంబంధం లేదు మాస్టారూ. వి, సమ కలిస్తే స కాస్తా ష అయింది, అంతే. బేసి అనే అర్థమూ ఉంది. ఐదు బాణాలు కాబట్టి మన్మథుడు విషమబాణుడు, మూడు కళ్లు కాబట్టి శివుడు విషమాక్షుడు, అచ్చతెలుగులో బేసికంటి. ఎంత చక్కటి మాట! నా ఓటు బేసి వలయానికే.

మాస్టారు: ఆ మందుకు మూలమైన యురాసిల్ (ఆర్ఎన్ఏలోని ఒక క్షారం) వలయంలో పరమాణువులు ఆరు, అందులో నైట్రోజన్లు రెండు. రెండూ సరి సంఖ్యలే, బేసి ఎక్కడుంది? తేడా లెక్కలో కాదు, జాతిలో. 1957లో హైడెల్‌బర్గర్ బృందం యురాసిల్ 5వ స్థానంలో హైడ్రోజన్ తీసి ఫ్లోరిన్ పెట్టింది. కణం అది తన యురాసిలే అనుకుని లోపలికి తీసుకుంటుంది, తీరా డీఎన్ఏకి కావాల్సిన థైమిన్ సరుకు తయారుచేసే ఎంజైము దానికి అతుక్కుని ఆగిపోతుంది.

ఛందస్సు అభిమాని: కణం తన జాతే అనుకునేదాన్ని మీరు విజాతి అంటారా? డీఎన్ఏలోని నాలుగు క్షారాలూ (ఇంగ్లీషులో బేస్‌లు) ఇలాంటి వలయాలే కదా!

భీమవరం సభ్యురాలు: మా ఊళ్లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని మరిచిపోతే ఎలా? లెడర్లే మందుల కంపెనీలో ఆయన బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందుతోనే అమెరికా వైద్యుడు ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు కొంతకాలమైనా ఉపశమనం తెచ్చి 1948లో ప్రకటించారు. అందులోని వలయం టెరిడిన్. గ్రీకులో టెరాన్ అంటే రెక్క, ఆ జాతి రంగులు మొదట సీతాకోకచిలుక రెక్కల్లో దొరికాయి. ఆ మందు పోలి ఉండే ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్ పేరులో ఉన్నది లాటిన్ ఆకు. ఇంత మంచి పేర్లుండగా విషమ ఏమిటి?

మాస్టారు: ప్టెరిడిన్ అమ్మా. పలకకపోయినా ప రాయాలి.

భీమవరం సభ్యురాలు: పలకని అక్షరం తెలుగులో రాయడమెందుకు మాస్టారూ?

ప్రశ్న అడిగినవారు: నోట్సు ఊళ్లో అటక మీద ఉండాలి, తమ్ముణ్ణి చూడమన్నాను. అత్తయ్యకు బేసికంటి సంగతి చెప్పాను. రోజూ శివాలయానికి వెళ్లే మనిషి, మళ్లీ చెప్పమంది.